బొంకులదిబ్బ మీద డిటెక్టివు

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఇక్కడ కూర్చున్నంత మాత్రాన ఎవరూ ప్రశ్నలు అడగరు, భయం లేదు. మైకు వినబడుతోందా? వెనకాల కూడా? సరే.

ఈ రోజు నేను మాట్లాడదామనుకున్నది ఒక చిత్రమైన రకం నవలల గురించి. నేరం జరుగుతుంది, డిటెక్టివు వస్తాడు, ఆరా తీస్తాడు, చివరికి దొంగ దొరుకుతాడు. ఇందులో వింతేముంది, డెబ్బైల్లో అద్దెపుస్తకాల షాపు నిండా అవే కదా అంటారు. వింత ఎక్కడుందంటే, ఆ నేరం జరిగేది ఏ ఊళ్ళోనూ కాదు, ఒక పాత పుస్తకంలో. మనం చదివిన, పరీక్షల్లో రాసిన, మార్కులు పోగొట్టుకున్న పుస్తకంలో. చచ్చిపోయేది ఆ పుస్తకంలో పాత్ర, అనుమానితులు ఆ పుస్తకంలోనే ఉండే మిగతా పాత్రలు. డిటెక్టివు మాత్రం బయటినుంచి పేజీల్లోకి దిగుతాడు. ఇంత పనీ దేనికంటే నవ్వించడానికి. అవును, నవ్వించడానికే. లోపల ఇంకేదైనా ఉంటే అది నవ్వుతూ ఉండగా మనకి తెలియాలి.

ఈ కాలంలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు జాస్పర్ ఫోర్డ్ అని ఒక బ్రిటిష్ రచయిత. సినిమాల్లో కెమెరా దగ్గర ఫోకస్ సరిచేసే పని చేస్తూ నవలలు రాసుకునేవాడు. ప్రచురణకర్తల దగ్గర్నుంచి 76 తిరస్కరణ ఉత్తరాలు అందుకున్నాడట. డెబ్బై ఆరు! మన కథ పత్రిక నుంచి ఒక్కసారి తిరిగొస్తే ఆర్నెల్లు ఆ పత్రిక కొనం. చివరికి 2001లో ‘ది ఎయిర్ అఫైర్’ అని మొదటి నవల అచ్చయింది. అందులో హీరోయిన్ పేరు థర్స్‌డే నెక్స్ట్. నిజంగా అదే పేరు. ఉద్యోగం సాహిత్య డిటెక్టివు, ఊరు స్విండన్, సంవత్సరం 1985. అయితే అది మనకి తెలిసిన 1985 కాదు. అక్కడ క్రిమియా యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంటుంది, వేల్స్ విడిపోయి వేరే రిపబ్లిక్ అయిపోయింది, అంతరించిపోయిన డోడో పక్షిని మనవాళ్ళు రామచిలకని పెంచినట్టు ఇంట్లో పెంచుకుంటారు. షేక్‌స్పియర్ నాటకాలు రాసింది షేక్‌స్పియర్ కాదు, బేకన్ అని ఇంటింటికీ వచ్చి తలుపు కొట్టి ప్రచారం చేసేవాళ్ళుంటారు. సాహిత్యం అంటే అక్కడ అంత పిచ్చి. అంత పిచ్చి ఉన్నచోట దాని మీద నేరాలు కూడా జరుగుతాయి కదా, అందుకని ప్రభుత్వం దానికో పోలీసు శాఖ పెట్టింది.

అక్కడ విలన్ ఒకడున్నాడు. డికెన్స్ రాసిన ‘మార్టిన్ చజిల్‌విట్’ మూలప్రతి, చేతిరాత ప్రతి, ఎత్తుకుపోతాడు. ఎత్తుకుపోయి అందులోంచి క్వేవర్లీ అనే చిన్న పాత్రని బయటికి లాగి చంపేస్తాడు. అంతే, ప్రపంచంలో ఉన్న ప్రతి కాపీలోంచీ ఆ మనిషి మాయం! ఇక్కడ ఒక సూత్రం ఉంది, గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మామూలు కాపీలో వేలు పెడితే ఆ ఒక్క కాపీయే చెడుతుంది. మూలప్రతిలో వేలు పెడితే అన్నీ చెడతాయి.

ఇప్పుడు మీరు ఇంటికెళ్ళి డికెన్స్ పుస్తకం తీసి క్వేవర్లీ కోసం వెతికితే ఏమవుతుంది? దొరకడు. ఎందుకు దొరకడు? డికెన్స్ అలాంటి పాత్ర రాయలేదు కనక. కానీ నవల ప్రకారం? చంపేశారు కనక! చూశారా తమాషా? మన అలమరలో ఉన్న పుస్తకమే సాక్ష్యం అయిపోయింది. నేను నిజంగానే వెతికాను లెండి. లేడని తెలిసీ వెతికాను. అలా వెతికించాడంటేనే రచయిత గెలిచినట్టు.

తర్వాత వాడి కన్ను ‘జేన్ ఎయిర్’ మీద పడుతుంది. ఇది 1847లో షార్లట్ బ్రాంటీ రాసిన నవల. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. తల్లీతండ్రీ లేని పిల్ల జేన్, ఒక పెద్ద బంగళాలో పిల్లకి చదువు చెప్పడానికి కుదురుతుంది. ఇంటి యజమాని రోచెస్టర్‌తో ప్రేమ. పెళ్ళిపీటల దాకా వచ్చాక ఆయనకి పెళ్ళాం ఉందనీ, మతిస్థిమితం లేక పై అంతస్తులో బందీగా ఉందనీ బయటపడుతుంది. జేన్ వెళ్ళిపోతుంది. ఎక్కడో దూరాన ఇంకో ఆయన, మతప్రచారకుడు, నన్ను పెళ్ళి చేసుకుని ఇండియా రమ్మంటాడు. ఈవిడ దాదాపు ఒప్పేసుకోబోతుంది. సరిగ్గా అప్పుడు ఎన్నో మైళ్ళ అవతలున్న రోచెస్టర్ గొంతు చెవిన పడుతుంది. జేన్, జేన్, జేన్ అని. పరుగెత్తుకుంటూ వెనక్కి వెళ్తుంది. ఇదీ కథ.

ఆ గొంతు ఎలా వినబడింది? బ్రాంటీ గారు తేల్చి చెప్పలేదు. నూట డెబ్బై ఏళ్ళ పైనుంచీ పాఠకులు వాదించుకుంటున్నారు. దైవికం అన్నవాళ్ళున్నారు, ప్రేమ మహిమ అన్నవాళ్ళున్నారు. ఫోర్డ్ ఏం చేశాడో తెలుసా? ఆ నవలా లోకంలో మొదట అసలు ముగింపు వేరు, జేన్ ఇండియా వెళ్ళిపోతుంది, పాఠకులందరికీ ఆ ముగింపు మీద అసంతృప్తి. మన డిటెక్టివు విలన్ని వెంటాడుతూ ఆ పుస్తకంలోకి దిగుతుంది, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, జేన్ మీదా రోచెస్టర్ మీదా జాలిపడుతుంది. పడి, కిటికీ కింద నిలబడి, రోచెస్టర్ గొంతుతో తనే పిలుస్తుంది. అంతే! ఆ దైవవాణి ఈవిడది! మనం చదివే ‘జేన్ ఎయిర్’ అప్పట్నుంచీ వచ్చినదన్నమాట.

నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఒక్కటే, అది ఇదే. పాత పుస్తకంలోకి డిటెక్టివుని దింపడం గొప్ప కాదు, ఎవరైనా దింపుతారు. మూల రచయిత వదిలేసిన ఖాళీ ఒకటి పట్టుకుని, ఆ ఖాళీలో మాత్రమే కథ నడిపి, చివరికి బయటికొచ్చేసరికి మూలంలో ఒక్క అక్షరం కూడా కదలకుండా చూడటం, అదీ గొప్ప. ఏమీ మారకూడదు. కానీ మళ్ళీ చదివితే మాత్రం ఆ పేజీ ఇదివరకటిలా కనబడకూడదు.

ఇంకో చిన్న సంగతి. ‘జేన్ ఎయిర్’ అంతా జేన్ నోటివెంట చెప్పిన కథ కదా. మరి జేన్ లేని గదిలో రోచెస్టర్ ఏం చేస్తుంటాడు? ఖాళీ! పేజీ మీద లేడు, కనక ఆయనకి సెలవు. ఆ టైములో ఆయన నవలలోకి వచ్చిన టూరిస్టుల్ని వెంటబెట్టుకుని బంగళా చూపించి డబ్బులు తీసుకుంటాడు. ఎందుకయ్యా అంటే, అంత పెద్ద బంగళా మెయింటెనెన్సు ఎవడు భరిస్తాడు అంటాడు! కోటలూ దివాణాలూ ఉన్న ఊరివాళ్ళం, ఆ బాధ మనకి చెప్పాలా?

ఆ తర్వాత ఫోర్డ్ చాలా రాశాడు. 2003లో వచ్చిన నవలలో ‘వుదరింగ్ హైట్స్’ అనే పాత నవల పాత్రలందర్నీ కూర్చోబెట్టి కోపం తగ్గించుకునే కౌన్సెలింగు పెడతారు, లేకపోతే అందులో హీరో హీత్‌క్లిఫ్‌ని ఎవరో ఒకరు చంపేసేలా ఉన్నారని. 2005లో పిల్లల పాటలోని హంప్టీ డంప్టీ గోడ మీంచి పడ్డాడా, ఎవరైనా తోశారా అని పూర్తిస్థాయి పోలీసు దర్యాప్తు. అన్నీ ఒకే స్థాయిలో ఉన్నాయని నేననను. కొన్నిచోట్ల జోకు మీద జోకు, జోకు మీద జోకు, ఊపిరాడదు. మొదటిది మాత్రం చదవండి.

అవును మాస్టారూ, మీరు అడగబోయేది తెలుసు. ఇదంతా ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు కనిపెట్టినదా అని. కాదండీ. అధ్యాత్మ రామాయణంలో రాముడు అడవికి బయల్దేరుతూ సీతని వద్దంటాడు. సీత అన్నీ చెప్పి చూస్తుంది. ఆఖరికి ఏమంటుందంటే, చాలామంది దగ్గర చాలా రామాయణాలు విన్నాను, సీత లేకుండా రాముడు అడవికి వెళ్ళినట్టు ఎక్కడైనా ఉందా, చెప్పండి అంటుంది. ఇంకేం చెప్తాడు? నోరు మూసుకుని తీసుకెళ్ళాడు. తన పుస్తకాన్ని తనే సాక్ష్యంగా పెట్టిన పాత్ర! ఇంతకంటే పెద్ద లాయరు ఎవరున్నారు?

మనకి కళాపూర్ణోదయం ఉంది, పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసింది. బ్రహ్మ సరస్వతికి సరదాగా ఒక కథ చెప్తే ఆ కథ భూమ్మీద నిజంగా జరిగిపోతుంది, దాన్ని చిలక వింటుంది, అక్కణ్ణుంచి చిక్కుముళ్ళు. మధ్యలో మారువేషాల గొడవ, ఇద్దరు రంభలు ఎదురుపడి నేను అసలంటే నేను అసలని పోట్లాట. నాకు డిగ్రీలో అది పాఠం చెప్పినప్పుడు ఎవరు ఎవరో గుర్తుండక బోర్డు మీద బొమ్మలు గీసుకోవాల్సి వచ్చింది. ఆ పద్యాల కింద ఒక మంచి మిస్టరీ నవల ఉందని ఎవరూ చెప్పలేదు.

స్పెయిన్‌లో సెర్వాంటిస్ సంగతి ఇంకా బాగుంటుంది. ‘డాన్ కిహోటే’ మొదటి భాగం 1605లో వచ్చింది. రెండో భాగం ఈయన రాసేలోగా ఎవడో దొంగపేరుతో 1614లో దొంగ రెండో భాగం వేసేశాడు. ఈయనకి ఒళ్ళు మండింది. 1615లో తన రెండో భాగం తెచ్చాడు. అందులో ఏం చేశాడంటే, ఆ దొంగ పుస్తకంలోని ఒక పాత్రని పట్టుకొచ్చి తన హీరోకి ఎదురుపెట్టాడు. పెట్టి, అయ్యా, నేను అక్కడ చూసిన డాన్ కిహోటే ఈయన కాడు అని ఆ పాత్ర చేత ఊరి అధికారి ముందు అఫిడవిట్ రాయించాడు! రిజిస్ట్రారాఫీసు పని, నాలుగొందల ఏళ్ళ కిందట, నవల లోపల.

సరే. ఇప్పుడు మన ఊరికొద్దాం. 

ఈ రకం కథకి ముందుగా ఏం కావాలి? పాఠకుడికి మూలం నోటికొచ్చి ఉండాలి. క్వేవర్లీ మాయమైతే ఇంగ్లీషువాడికి నవ్వొస్తుంది, మనకి రాదు. మరి మన దగ్గర ఏ పుస్తకంలో ఒక్క వస్తువు మాయమైతే వందమంది గుర్తుపడతారు? నేను చెప్పక్కర్లేదు, మీరే చెప్తున్నారు. కన్యాశుల్కం, గురజాడ నాటకం. 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు. 1897లో అచ్చయింది. తెర లేస్తూనే ఎక్కడున్నాం? విజయనగరంలో, బొంకులదిబ్బ మీద. లండన్‌లో షెర్లాక్ హోమ్స్ ఇంటి నంబరు చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తారు. మనం కోట దాకా వెళ్ళి బొంకులదిబ్బ పక్కనుంచే కూరగాయలు పట్టుకుని వచ్చేస్తాం. ఘటనాస్థలం అది!

ఘటన ఏమిటంటారా? మొదటి పేజీలోనే ఉంది. పూటకూళ్ళమ్మకి సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి, ఆ డబ్బు వేశ్య మధురవాణి మీద ఖర్చుపెట్టాను అని గిరీశం తనంతట తనే, ఎవరూ అడక్కుండా, వాంగ్మూలం ఇచ్చేశాడు. నమ్మకద్రోహం కేసు. ఆ కాలపు ఇరవై రూపాయలంటే చిన్న మొత్తమా? తర్వాత ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ మధురవాణి ఇంటికి వస్తే గిరీశం మంచం కింద దూరతాడు, అక్కడ అప్పటికే రామప్పంతులు ఉంటాడు. ఒకే మంచం కింద ఇద్దరు అనుమానితులు! ఏ డిటెక్టివుకైనా ఇంత సౌకర్యం ఎక్కడ దొరుకుతుంది? కానీ ఆ డబ్బు మాత్రం ఆవిడకి తిరిగొచ్చిన సీను నాటకంలో లేదు. ఖాళీ నంబర్ ఒకటి.

రెండోది కంటె. మధురవాణి మెడలో కంటె. ముసలి లుబ్ధావధాన్లు గారి పెళ్ళిలో పిల్లకి పెట్టడానికని రామప్పంతులు అది పట్టుకెళ్తాడు. పెళ్ళికూతురు పారిపోతుంది, కంటె కూడా కనబడదు. నా కంటె తెచ్చి గుమ్మం ఎక్కు అంటుంది మధురవాణి. అది ఎవరి దగ్గర్నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో కాగితం మీద గీతలు గీసి చూడండి, మంచి నగల కేసు.

అన్నిటికంటే పెద్దది మూడోది. దీని దగ్గర కాసేపు ఆగుదాం. లుబ్ధావధాన్లుకి పెళ్ళి చేసిన పిల్ల అసలు పిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడు, మగపిల్లాడు, ఆడవేషం. పని అయ్యాక వేషం తీసేసి వెళ్ళిపోయాడు. పిల్ల కనబడదు. ఊరంతా ఏమనుకున్నారు? ముసలాడు చంపేశాడని. కేసు పెట్టారు, హత్య కేసు. పోలీసులు వచ్చారు, సాక్ష్యాలు తయారయ్యాయి, సాక్షులూ తయారయ్యారు, విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు దాకా వెళ్ళింది. హతురాలెవరు? అసలు పుట్టనే లేదు! శవం లేదు సరే, శవం లేని కేసులు చాలా చూశాం. మనిషే లేని హత్య కేసు ఎక్కడైనా చూశారా? ప్రపంచంలో ఎవడో పుస్తకాల్లోకి డిటెక్టివుని దింపక ముందే గురజాడ ఈ పని చేసి కూర్చున్నాడు. మనం నవ్వుకుని, గిరీశం డైలాగులు నాలుగు చెప్పుకుని, అక్కడితో ఊరుకున్నాం.

నేను ఒక కథ ఊహించాను. రాయలేదు, ఊహించాను, మీలో ఎవరైనా రాస్తే సంతోషం. వినండి.

ఏడో అంకం. మధురవాణి విశాఖపట్నం వెళ్ళి సౌజన్యారావుకి నిజం చెప్పాలి. ఆయన వేశ్యల మొహం చూడడు. అందుకని ఆవిడ మగవేషంలో వెళ్తుంది. ఇది మీకు తెలిసిందే. ఇప్పుడు ఒకరోజు పొద్దున్న ఆ మగవేషం బట్టలు పోయాయి. తలపాగాతో సహా. అంతే పోయింది, ఇంకేమీ పోలేదు. పోతే ఏమవుతుంది, ఆలోచించండి. ఆవిడ గుమ్మం దాటలేదు. నిజం చెప్పలేదు. అవధాన్లు మీద హత్య కేసు ఖాయమైపోతుంది. గిరీశం గుట్టు బయటపడదు, వితంతువు బుచ్చమ్మని పెళ్ళి చేసేసుకుంటాడు, పెద్దమనిషి అయిపోతాడు, ఎక్కడో ఒకచోట ఎన్నికల్లో కూడా నిలబడతాడు. నాటకం చివర డామిట్, కథ అడ్డంగా తిరిగింది అనడానికి ఆస్కారమే లేదు. ఎందుకంటే కథ తిన్నగా పోతోంది! కథ తిన్నగా పోవడమే ప్రమాదం! ఊళ్ళో ఉన్న ప్రతి కాపీలోనూ ఆఖరి పేజీ తెల్లబడుతూ వస్తుంది. పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డాయి. టెన్షను.

ఎవరు తీశారు? అందరూ గిరీశం అంటారు. లాభం ఆయనకే కదా. అందుకే ఆయన కాకూడదు. మిస్టరీలో మొదటి పేజీనుంచి అందరూ అనుమానించేవాడు దొంగైతే పాఠకుడు డబ్బులు వాపసు అడుగుతాడు. రామప్పంతులా? ఆయనకి తీసే ధైర్యం ఉంది, దాచే తెలివి లేదు. నా మట్టుకు నాకు తోచిందేమిటంటే, దొంగ ఆ పెళ్ళికూతురు. పుట్టని పిల్ల. కేసు నడిచినన్నాళ్ళే ఆ పిల్ల ఉంది. పోలీసు కాగితంలో హతురాలిగానైనా ఉంది. మధురవాణి వెళ్ళి, అది పిల్ల కాదండీ, మగపిల్లాడు అని చెప్పిన మరుక్షణం ఇక లేదు, ఎప్పుడూ లేదు. చావడం కూడా కాదు, అంతకంటే కనాకష్టం. మరి బట్టలు ఎత్తుకుపోదా? నేనైతే ఎత్తుకుపోతాను.

నవ్వుతున్నారు, మంచిదే. ఇప్పుడు ఒక అంకె చెప్తాను. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశాడు. ఆనందగజపతి మహారాజు ఈ జిల్లాలో, అంటే అప్పటి విశాఖపట్నం జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ, అంటే డబ్బిచ్చి పిల్లని కొనుక్కునే పెళ్ళిళ్ళ, జాబితా తీయించారు. 1034 వచ్చాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది! ధర 350 నుంచి 400 రూపాయలు. ఆ ముందుమాటలో అంకెలున్నాయి, పేర్లు లేవు. డిటెక్టివు పుస్తకంలోకి దిగి, ఆ పుట్టని పిల్ల ఎక్కడ దాక్కుందో వెతుక్కుంటూ వెళ్తే, ఎక్కడ దొరకాలి? నాకైతే ఆ జాబితాలో దొరకాలనిపిస్తుంది. అక్కడ అందరూ పేర్లు లేనివాళ్ళే, ఒకరు ఎక్కువైనా ఎవరూ కనిపెట్టరు. ఆ అధ్యాయంలో మాత్రం జోకు వెయ్యకండి. మిగతా పుస్తకమంతా వెయ్యండి.

అందుకే చెప్తున్నాను, హాస్యం కదా అని ఎవర్ని పడితే వాళ్ళని తీసుకొచ్చి గిరీశం పక్కన నిలబెట్టేస్తే కుదరదు. ఈ మధ్య చాలా చూస్తున్నాం, గిరీశం సెల్‌ఫోన్ మాట్లాడతాడు, గిరీశం రీల్సు చేస్తాడు. ఒక నవ్వు వస్తుంది, రెండోది రాదు. ముళ్ళపూడి వెంకటరమణ గిరీశాన్ని నాటకంలోంచి బయటికి తెచ్చి సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు, అది ఎందుకు నిలబడింది? నోరు తెరిస్తే గిరీశమే. వాక్యం గిరీశానిది. అగ్నిహోత్రావధాన్లు తిట్టాలంటే ఆయన తిట్టే తిట్లే తిట్టాలి, మీ తిట్లు ఆయన నోట్లో పెడితే మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. దీనికి షార్ట్‌కట్ లేదు, మూలం మళ్ళీ మళ్ళీ చదవడమే. సినిమా చూసి రాయొద్దు.

రెండు కూర్పుల సంగతి కూడా మర్చిపోకండి. 1897 కూర్పు అయిదు అంకాలు. 1909 కూర్పు ఏడు అంకాలు, మధురవాణి పెద్దదైంది, నాటకమే వేరు అనిపించేంత తేడా. అంటే మన డిటెక్టివు ఒక కూర్పులో నేరం చేసి ఇంకో కూర్పులోకి పారిపోయినవాణ్ణి పట్టుకోవాలి. వాడికి అలీబీ ఎంత బాగా కుదురుతుందో చూడండి, ఆ సమయానికి నేను అయిదంకాల్లో ఉన్నానండీ అంటాడు! ఆ మొదటి కూర్పు జనానికి దొరకని రోజుల్లో బంగోరె గారు పట్టుబట్టి 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ అని అచ్చు వేయించారు. నెల్లూరు మనిషి. పాత కాగితాలు, ఉత్తరాలు పట్టుకుని ఊరూరా తిరిగినవాడు. తెలుగులో నిజమైన సాహిత్య డిటెక్టివు ఎవరంటే నేను ఆయన పేరే చెప్తాను.

ఆ, ఆ అమ్మాయి చెయ్యెత్తింది. వేరేవాళ్ళ పాత్రలు వాడుకుంటే కేసు పెట్టరా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన జోలికి ఎవరూ రారు. అదే కథకుడు చాసో గారి పాత్ర అనుకోండి, మన ఊరివారే, 1994లో పోయారు, ఇంకా చాలా కాలం ఆగాలి. రావిశాస్త్రి గారిదీ అంతే, 1993. వాళ్ళ కుటుంబాలని అడిగి రాసుకోవచ్చు, అడక్కుండా మాత్రం వద్దు.

ఇంకొకటి మిగిలింది. డిటెక్టివు ఎవరు? బయటినుంచి ఎవర్నో తేవాలా? ఓ ఇన్‌స్పెక్టర్ని, హైదరాబాదు నుంచి వచ్చిన జర్నలిస్టుని? నాకు అక్కర్లేదనిపిస్తుంది. పూటకూళ్ళమ్మ ఉంది. ఆలోచించండి. ఊళ్ళో ఎవడు ఎక్కడ తిన్నాడు, ఎవడు ఎన్నాళ్ళుగా బాకీ, ఎవడు రాత్రి ఆలస్యంగా వచ్చాడు, ఎవడి దగ్గర హఠాత్తుగా డబ్బులు ఆడుతున్నాయి, ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి? ప్రతివాడూ ఆవిడ ముందు విస్తరి వేసుకుని కూర్చోవాల్సిందే కదా. ఆకలిగా ఉన్నవాడు అబద్ధం సరిగ్గా ఆడలేడు. పైగా చేతిలో చీపురుకట్ట, వారంటు లేకుండా ఏ మంచం కిందైనా వెతికే అలవాటు. అన్నిటికంటే ముఖ్యం, నాటకంలో ఆవిడకి సీన్లు తక్కువ. అంటే ఏమిటి? కావలసినంత ఖాళీ టైము! ఆవిడ పేజీ మీద లేనప్పుడు ఏం చేస్తోందో గురజాడ చెప్పలేదు. మనం చెప్పొచ్చు.

ఆవిడ ఆ పిల్లని పట్టుకుంటుంది, బట్టలు తీసుకుని మధురవాణికి వేళకి అందజేస్తుంది, ఏడో అంకం ఎలా ఉందో అలాగే నడుస్తుంది, అక్షరం మారదు. ఆ పిల్ల? పూటకూళ్ళింట్లో వంటింటి వైపు ఉంటుంది. అక్కడికి నాటకం ఎప్పుడూ వెళ్ళదు, కనక ఎవరూ కొట్టెయ్యలేరు. కూరలు తరుగుతుంది, సంతకెళ్తుంది. లెక్కలు మాత్రం ఆవిడ చేతికివ్వదు, అనుభవం ఉంది కదా.

ఏమిటి మాస్టారూ? ఇంతకీ ఆవిడ ఇరవై రూపాయలు ఆవిడకి వస్తాయా అనా? రావండి. వస్తే గురజాడ రాసింది మారిపోతుంది. అక్షరం కదలకూడదని ఇంతసేపూ చెప్పి, నేనే కదిపేస్తే ఎలా? పైగా ఇవ్వాలంటే గిరీశం దగ్గర డబ్బుండాలి కదా.